పోటీ స్వభావాన్ని తెలుగులో చెప్పడం: ఏ మాట, ఎక్కడ, ఎలా

'కాంపిటీటివ్' అన్న మాటకు తెలుగు అడిగితే నిఘంటువు 'పోటీతత్వం గల' అని చెప్పి ఊరుకుంటుంది. తప్పేం లేదు. కానీ 'ఆమె పోటీతత్వం గల వ్యక్తి' అని రాయగానే ఆమె మాయమై దరఖాస్తు ఫారం మిగులుతుంది. ఆమె ఎవరితో పోటీ పడుతుందో, ఎందుకు పడుతుందో, అది మనకు నచ్చిందో లేదో ఒక్కటీ తెలియదు.

తెలుగులో ఈ గుణానికి మాటల కరువు లేదు. ఇబ్బందల్లా ప్రతి మాటా తనతో ఒక మెప్పునో నిందనో మోసుకురావడమే. పట్టుదల అనాల్సిన చోట పంతం అంటే మెచ్చుకోలు కాస్తా దెప్పిపొడుపు అవుతుంది. అందుకే ఇక్కడ మాటల పట్టికకన్నా ఎంపిక క్రమానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

## 1. మాట వెతికే ముందు నాలుగు ప్రశ్నలు

కాగితం మీద ఒక్కో ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాసుకోండి. జవాబు రాని ప్రశ్న ఉందంటే ఆ మనిషి గురించి మీకింకా స్పష్టత లేదన్నమాట. అప్పుడు ఏ మాట వేసినా అతకదు.

- ఎవరితో? ఎదురుగా ఒక మనిషి ఉన్నాడా, గుంపు ఉందా, లేక తనతో తనకే పోటీయా?
- ఏం జరిగి? ఎవరో ఒక మాట అన్నారా? ఇదివరకు ఓడిపోయారా? ఏమీ జరగకుండానే పుట్టుకతో ఉన్న తీరా?
- మీకు నచ్చిందా? మెచ్చుకుంటున్నారా, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారా, తప్పుపడుతున్నారా?
- ఎవరు చదువుతారు? పై అధికారా, తల్లిదండ్రులా, ఆటల పేజీ చదివేవారా, కథ చదివేవారా?

రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. తెలుగులో అసలు తేడా తెచ్చేది అదే. దాని సంగతి నాలుగో మెట్టులో వస్తుంది.

## 2. పేరు వదిలి క్రియ పట్టుకోండి

స్వభావం చెప్పడానికి తెలుగుకు క్రియలోనే ఏర్పాటు ఉంది. బడి వ్యాకరణంలో చదివే తద్ధర్మార్థక క్రియ అదే. 'సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు' అన్నప్పుడు రేపటి సంగతి చెప్పడం లేదు, ఎప్పుడూ ఉండే ధర్మాన్ని చెబుతున్నాం. మనిషి స్వభావానికీ ఇదే అచ్చు.

- 'అతను చెల్లెలితో పోటీ పడ్డాడు': ఒకసారి జరిగింది.
- 'అతను ప్రతిదానికీ చెల్లెలితో పోటీ పడతాడు': అది అతని తీరు.

రెండో వాక్యంలో 'స్వభావం', 'తత్వం', 'మనస్తత్వం' ఏవీ లేవు. అయినా స్వభావమే వినిపిస్తోంది. కాబట్టి మొదటి చిత్తులో 'గల', 'కలిగిన', 'ఉన్న' కనిపించిన ప్రతిచోటా క్రియ పెట్టి చూడండి.

పేరు ముందు విశేషణమే కావాలనుకుంటే వ్యతిరేక రూపాలను వాడుకోండి. పోటీ పడే మనిషిని మెచ్చుకునేటప్పుడు తెలుగు ఎక్కువగా 'కాదు, లేదు' దారిలోనే వెళుతుంది: వెనకడుగు వేయని, పట్టు విడవని, ఓటమి ఒప్పుకోని, అలుపెరగని, సడలని. ఇదే కోవలోని 'మడమ తిప్పని' ఒక్కటి మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టడం మంచిది. సభల్లో, ఫ్లెక్సీల మీద అరిగిపోయి ఆ మాటకు ఇప్పుడు సొంత బరువు లేదు.

ఇక్కడ జరిగే తప్పు: 'పోటీ మనిషి', 'పోటీ అమ్మాయి' అని నేరుగా అతికించడం. 'పోటీ పరీక్ష', 'పోటీ ప్రపంచం' కుదిరాయి కదా అనుకుంటారు. మనిషి పేరు ముందు వస్తే అర్థం మారిపోతుంది. 'పోటీ దుకాణం' అంటే ఎదురుగా పెట్టిన దుకాణం, 'పోటీ సభ' అంటే ఇంకొకరి సభకు జవాబుగా పెట్టిన సభ. ఆ లెక్కన 'పోటీ నాయకుడు' ఎదుటి వర్గం నిలబెట్టిన నాయకుడే అవుతాడు. అతని స్వభావం గురించి అందులో ఏమీ లేదు.

## 3. 'పోటీ' పక్కన ఏ క్రియ?

'పోటీ' ఒక్కటే. పక్కన చేరే క్రియను బట్టి అర్థం ఎటైనా తిరుగుతుంది.

పోటీ పడు. అన్నిటికీ పనికొచ్చేది. మనుషులు, సంస్థలు, ఒక్కోసారి వస్తువులు కూడా పోటీ పడతాయి. 'తో' చేరుతుంది: అన్నతో పోటీ పడుతుంది.

పోటీ చేయు. ఎన్నికల మాట. 'రెండు స్థానాల నుంచి పోటీ చేశారు', 'సొంత తమ్ముడి మీదే పోటీ చేశాడు.' పరుగు పందెంలో 'పోటీ చేసింది' అంటే చెవికి అదోలా ఉంటుంది. అక్కడ 'పోటీలో పాల్గొంది', 'బరిలోకి దిగింది' అనాలి.

పోటీకి దిగు, పోటీకి నిలుచు. నిర్ణయం తీసుకుని ముందుకు రావడం. ఎన్నికలకూ ఆటలకూ సరిపోతుంది.

పోటీకి వచ్చు. తరచుగా ఎదుటివాణ్ణి తక్కువ చేసే మాట. 'నాతో పోటీకి వస్తావా?' అంటే నీకంత సీను లేదని అర్థం. పాత్ర అహంకారం చూపడానికి ఈ ఒక్క వాక్యం చాలు.

పోటీ ఇచ్చు. ఆటల వార్తల్లో విరివిగా కనిపిస్తుంది. ఒక మెలిక ఉంది: 'గట్టి పోటీ ఇచ్చింది' అనేది సాధారణంగా ఓడిన జట్టు గురించో, బలహీనమని ముందు అనుకున్న జట్టు గురించో చెప్పే మాట. సులువుగా గెలిచిన జట్టుకు ఇది వేస్తే వింతగా ఉంటుంది.

పోటీ పెట్టు / పోటీ పెట్టుకొను. మొదటిది పోటీ నిర్వహించడం. రెండోది కోరి ఒకరిని ఎదుటివాడిగా తెచ్చుకోవడం: 'అతనితో పోటీ పెట్టుకోకు.' ఒక్క 'కొను'తో నిర్వాహకుడు కాస్తా బరిలో మనిషి అయిపోయాడు.

పోటీపడి, పోటీలుపడి. ఇవి మరో పనికి ముందు చేరతాయి. 'ఇద్దరూ పోటీపడి పాడారు' అంటే ఇద్దరూ బాగా పాడారని. వైరం వాసన ఏమాత్రం లేదు. సంతోషకరమైన పోటీ చెప్పాలంటే తెలుగులో ఇంతకంటే సులువైన దారి లేదు.

పోటీకి పోవు. ఇది మందలింపు. కింది మెట్టులో 'కు పోవు' సంగతి చూడండి.

## 4. పట్టుదల, పంతం, కసి, రోషం: వెనక ఏ కథ ఉంది?

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఈ నాలుగింటినీ పర్యాయపదాలనుకుని తోచింది వేస్తారు. ఒకే వాక్యంలో నాలుగూ పెట్టి చూద్దాం.

- ఆమె పట్టుదలతో చదివింది.
- ఆమె పంతంతో చదివింది.
- ఆమె కసితో చదివింది.
- ఆమె రోషంతో చదివింది.

చదవడం ఒకటే. చదవకముందు జరిగింది మాత్రం వేరు.

పట్టుదలకు ఎదుటి మనిషి అక్కర్లేదు. లక్ష్యం ఉంటే చాలు. ఎవరూ ఏమీ అనకపోయినా పట్టుదల ఉంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది. దాదాపు ఎప్పుడూ మెప్పే. పట్టుదల పెరుగుతుంది, సడలుతుంది. నెగ్గదు, తీరదు.

పంతానికి ఎదుటి మనిషి కావాలి. 'నువ్వు చేయలేవు' అన్నవాడో, 'వద్దు' అన్నవాడో ఉండాలి. పంతం పడతారు, నెగ్గించుకుంటారు, చివరికి వదులుకుంటారు. ఇది మెప్పుకూ నిందకూ మధ్య నిలబడిన మాట. ఫలితం మంచిదైతే మెప్పు, కాకపోతే మూర్ఖత్వం.

కసికి ఒక గాయం కావాలి. ఓటమో, అవమానమో, అన్యాయమో లోపల మండుతూ ఉండాలి. కసి రేగుతుంది, పెరుగుతుంది, తీరుతుంది. ఆటల రాతల్లో ఇది మెప్పుగా స్థిరపడింది: 'గత ఓటమి తర్వాత కసిగా ఆడారు.' ఆటల బయట మాత్రం పగ వాసన ఇంకా పోలేదు.

రోషానికి ఒక మాట పడి ఉండాలి. అదీ కొత్తగా. రోషం పొడుచుకొస్తుంది, కొంతసేపటికి చల్లారుతుంది. కాబట్టి 'మూడేళ్లు రోషంతో చదివింది' అంటే నమ్మబుద్ధి కాదు. 'ఆ మాటకు రోషం వచ్చి, పంతం పట్టి మూడేళ్లు చదివింది' అంటే కుదురుతుంది. రోషం నిప్పురవ్వ అయితే పంతం దానితో అంటుకున్న కుంపటి.

పౌరుషం రోషానికి అన్నగారు. మాట మూలంలో 'పురుష' ఉన్నా, 'ఆమెకు పౌరుషం ఎక్కువ' అని మాటల్లో మామూలుగానే అంటారు. కథలో, సంభాషణలో ఇబ్బంది లేదు. అధికారిక రాతలో స్త్రీల గురించి రాసేటప్పుడు 'ఆత్మాభిమానం' వాడితే ఎవరికీ ఎదురుచెప్పే అవకాశం ఉండదు.

మొండితనం, మొండిపట్టు, మంకుపట్టు. పట్టుదల ముదిరితే వరుసగా ఇలా దిగుతుంది. 'మొండి'లో ఇంకా కొంచెం గౌరవం మిగిలే ఉంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్న సామెత ఊరికే పుట్టలేదు. 'జగమొండి', 'మొండిఘటం' అని ఆడామగా ఇద్దరినీ ముద్దుగానో విసుగుగానో అనవచ్చు. 'మంకు'కు మాత్రం ఆ గౌరవం లేదు. అది పిల్లల పేచీ స్థాయి.

### 'కు పోవు' చేరితే నింద

ఈ చిన్న సూత్రం గుర్తుంటే సగం తప్పులు తప్పుతాయి. మంచి మాటకైనా 'కు పోవు' తగిలిస్తే అది మందలింపు అవుతుంది.

- పట్టుదలతో చేశారు (మెప్పు) → పట్టుదలకు పోయారు (నింద)
- పంతం పట్టి సాధించింది (మెప్పు) → పంతానికి పోయి చెడగొట్టుకుంది (నింద)
- పోటీ పడి కొన్నారు (తటస్థం) → పోటీకి పోయి అప్పులపాలయ్యారు (నింద)

తాహతు మరిచి పోటీకి పోయినవాళ్లకు సామెత సిద్ధంగా ఉంది: పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ఇది ఎగతాళి. సమాన స్థాయివాళ్ల పోటీకి వాడకూడదు.

### మెప్పులోకెల్లా మెప్పు: పట్టువిడుపు

గెలవాలని గట్టిగా ఉండి, అవసరమైన చోట తగ్గడం కూడా తెలిసిన మనిషిని 'పట్టువిడుపులు తెలిసిన మనిషి' అంటాం. కలిసి పనిచేయాల్సిన చోట ఎవరినైనా సిఫారసు చేస్తుంటే ఈ మాట ముందు మిగతావన్నీ దిగదుడుపే. ఎందుకో ఇది ఈ మధ్య రాతల్లో తక్కువగా కనిపిస్తోంది.

## 5. విభక్తి చూసుకోండి

మాట సరైనదే అయినా విభక్తి తప్పితే అర్థం బోల్తా కొడుతుంది.

- కసి: 'గెలవాలన్న కసి' పట్టుదలకు దగ్గర. 'అతని మీద కసి' పచ్చి ద్వేషం. 'కసి తీర్చుకున్నాడు' ప్రతీకారం. మెచ్చుకోవాలంటే 'అన్న కసి', 'కసిగా' రూపాలతో ఆగండి. 'మీద' జోలికి పోవద్దు.
- పోటీ: 'అక్కతో పోటీ' అంటే ఇద్దరూ పందెంలో ఉన్నారు. 'అక్కకు పోటీగా' అంటే అక్క చేసింది కాబట్టి తనూ చేస్తోంది. రెండోదానిలో అనుకరణ, కాస్త ఓర్వలేనితనం తొంగిచూస్తాయి.
- దీటు: 'కు' తప్పనిసరి. 'ఆమెకు దీటుగా నిలిచాడు.' 'ఆమెతో దీటుగా' అనరు.
- పంతం: మనిషితో అయితే 'తో', పని గురించి అయితే 'అని': 'నాన్నతో పంతం', 'గెలిచి తీరాలని పంతం'.

## 6. హద్దు దాటిన పోటీ

ఎదుటివాడికన్నా ముందుండాలనుకోవడం పోటీ. ఎదుటివాడు వెనకబడాలనుకోవడం మరొకటి. దానికి వేరే మాటలున్నాయి, వాటిలోనూ మెట్లున్నాయి.

ఈర్ష్య అంటే ఎదుటివాడి మేలును ఓర్చుకోలేకపోవడం. అసూయ ఒక అడుగు ముందుకేసి, అవతలివాడి మంచి గుణంలోనూ దోషం వెతుకుతుంది. అమరకోశం ఈ రెంటికీ చూపిన తేడా ఇదే. నేటి వాడుకలో రెండూ కలిసిపోయాయి. అయినా పాత్ర చిత్రణలో ఈ తేడా పనికొస్తుంది. స్నేహితురాలికి బహుమతి వస్తే నిద్రపట్టనిది ఈర్ష్య, 'ఆ బహుమతికి పెద్ద విలువేం లేదులే' అనిపించేది అసూయ.

మాత్సర్యం అరిషడ్వర్గంలో ఆరోది. బరువైన మాట. ఆఫీసు కబుర్లలో వేస్తే ప్రవచనంలా వినిపిస్తుంది.

మాటల్లో అయితే ఓర్వలేనితనం, కుళ్ళు, కడుపుమంట. 'కుళ్ళుబోతు' ఆడామగా ఇద్దరికీ చెల్లుతుంది. వీటిని సంభాషణలకే పరిమితం చేయండి. నివేదికలో 'అతనికి ఓర్వలేనితనం ఉంది' అని తీర్పు రాసేకన్నా కనిపించిన పని రాయండి: 'తోటివారికి ప్రశంస దక్కినప్పుడు ఆ సమావేశం నుంచి లేచి వెళ్లిపోతారు.'

కలగాపులగం చేయకండి: పోట్లగిత్త, కయ్యాలమారి, తగువులమారి అనేవి గొడవకు కాలు దువ్వే మనుషులకు. గెలుపు మీద ధ్యాస ఉన్నవాళ్లకు కాదు. పోటీకీ పోట్లాటకూ తేడా ఇక్కడే ఉంది. పోటీ పడేవాడికి గెలుపు కావాలి, పోట్లగిత్తకు పోట్లాటే కావాలి.

అలాగే 'బరిలోకి దిగడం' ధైర్యం, 'బరితెగించడం' సిగ్గు విడిచి తెగించడం. బరి ఒకటే కదా అని ఇచ్చిపుచ్చుకుంటే మెచ్చుకోబోయి తిట్టినట్టే.

## 7. ఎదుటివారిని ఏమనాలి?

- పోటీదారు: పోటీలో ఉన్న ఎవరైనా. స్త్రీ పురుషులిద్దరికీ ఇదే చాలు. 'పోటీదారుడు' అని 'డు' తగిలించనక్కర్లేదు.
- ప్రత్యర్థి: నేరుగా ఎదురు నిలిచినవారు. నూరుమంది పరుగెత్తే పందెంలో అందరూ పోటీదారులే. చదరంగం బల్లకు అటువైపు కూర్చున్న ఒక్కరు ప్రత్యర్థి.
- విరోధి, వైరి, శత్రువు: ఆట ముగిశాక కూడా పగ మిగిలితేనే. ఆటల వార్తలో 'చిరకాల ప్రత్యర్థులు' అంటే సరిపోతుంది.
- ఉజ్జీ, సమ ఉజ్జీ, సరిజోడు: బలం సమానమైతే. 'ఇద్దరూ ఇద్దరే' అన్నా మెప్పే. 'దొందూ దొందే' మాత్రం వద్దు, ఇద్దరిలోనూ ఒకే లోపం ఉందని దాని అర్థం.
- సాటి: ఇది జాగ్రత్తగా వాడాల్సిన మాట. 'ఆమెకు సాటి లేరు' అంటే సమానులు లేరని. 'సాటి ఆటగాడు' అంటే తోటి ఆటగాడు, ప్రత్యర్థి కాదు.

## 8. ఇవి స్వభావాలు కావు, సన్నివేశాలు

హోరాహోరీ, నువ్వా నేనా, ఢీ అంటే ఢీ, సై అంటే సై, అమీతుమీ, తాడో పేడో, పోటాపోటీ. వినసొంపుగా ఉంటాయి కాబట్టి మనిషికి అంటించాలనిపిస్తుంది. కుదరదు. ఇవి ఇద్దరి మధ్య జరిగే పోరును వర్ణిస్తాయి. ఒంటరి మనిషికి ఇవి ఉండవు.

- తప్పు: ఆయనది హోరాహోరీ మనస్తత్వం.
- ఒప్పు: ఆయన ఉన్న ప్రతి ఆటా హోరాహోరీగా సాగుతుంది.

'అమీతుమీ', 'తాడో పేడో' వస్తే పక్కన 'తేల్చుకొను' రావాలి. అదీ చివరి ఘట్టానికే. మొదటి రౌండులోనే అమీతుమీ తేల్చుకుంటే ఫైనల్‌కు రాయడానికి మాట మిగలదు.

ఒక్క 'సై'కి మినహాయింపు ఉంది. 'దేనికైనా సై అంటుంది' అంటే అది స్వభావమే.

## 9. ఇంగ్లీషు నుంచి తెచ్చేటప్పుడు

'కాంపిటీటివ్' ఇంగ్లీషులో మనిషికీ, ధరకూ, పరీక్షకూ, జీతానికీ ఒకేలా అతుకుతుంది. తెలుగులో ఒక్కోదానికి ఒక్కో దారి.

- పరీక్షకు: పోటీ పరీక్ష. దీన్ని కదిలించవద్దు.
- ధరకు: 'పోటీ ధర' వ్యాపార పేజీల్లో నడుస్తుంది. మామూలు పాఠకుడికి 'మిగతా కంపెనీలకు దీటైన ధర' తేలిక.
- జీతానికి: 'పోటీ జీతం' అర్థం కాదు. 'మార్కెట్‌కు తగ్గ జీతం' అనండి.
- మార్కెట్‌కు: 'పోటీ ఎక్కువగా ఉన్న రంగం.'
- మనిషికి: రెండో మెట్టుకు వెనక్కి వెళ్లి క్రియ వెతకండి. 'దేనిలోనూ వెనకబడడానికి ఒప్పుకోరు', 'ఓడిపోవడం అంటే అస్సలు పడదు.'

'కట్‌త్రోట్ కాంపిటీషన్'ను 'గొంతు కోసే పోటీ' అని మక్కీకి మక్కీ దించడం పెద్ద పొరపాటు. తెలుగులో గొంతు కోయడం అంటే నమ్మించి మోసం చేయడం. 'విపరీతమైన పోటీ', 'ఒకరినొకరు తొక్కుకుంటూ పోయే పోటీ' అంటే సరిపోతుంది.

'ఆరోగ్యకరమైన పోటీ' కూడా అరువు తెచ్చుకున్నదే, కానీ స్థిరపడిపోయింది. విసుగనిపిస్తే 'పోటీ ఉన్నా పొరపొచ్చాలు లేవు' అని రాసి చూడండి. 'అనారోగ్యకర పోటీ' మాత్రం ఇప్పటికీ ఆసుపత్రినే గుర్తుచేస్తుంది.

'క్రీడాస్ఫూర్తి'ని పోటీతత్వానికి బదులు వేయకండి. గెలిచినా ఓడినా హుందాగా ఉండడం క్రీడాస్ఫూర్తి. గెలవాలన్న ఆరాటానికీ దానికీ ఒక్కోసారి చుక్కెదురు.

## 10. ఎక్కడ రాస్తున్నారో చూసి మోతాదు

సిఫారసు లేఖ. పట్టుదల, చొరవ, పట్టువిడుపు పనికొస్తాయి. 'దూకుడు' వద్దు. ఆటల పేజీలో అది మెప్పు, ఆఫీసులో తొందరపాటు. నమూనా: 'ఇచ్చిన గడువుకన్నా ముందే పూర్తి చేయాలని చూస్తారు. తోటివారి పని మెరుగ్గా ఉంటే ఒప్పుకుని నేర్చుకుంటారు.'

పిల్లల ప్రగతి నివేదిక. మొండి, పంతం, రోషం మూడూ ఇంట్లో తిట్లకు దారితీస్తాయి. నమూనా: 'ఆటల్లో ముందుండాలని బాగా కృషి చేస్తుంది. ఓడిపోయినప్పుడు తేరుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటుంది.' రెండో వాక్యంలో సమస్య చెప్పాం, ముద్ర వేయలేదు.

సొంత పరిచయం. 'నాకు పోటీతత్వం ఎక్కువ' అని ఎవరైనా రాయగలరు. దేనిలో, ఎంతవరకు అన్నది రాయండి. ఉద్యోగ ఇంటర్వ్యూలో అడిగితే 'నిన్నటి నా పనికన్నా ఈరోజు పని మెరుగ్గా ఉండాలనుకుంటాను' అన్న తీరు జవాబులో మీ ప్రత్యర్థి మీరే కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు.

ఆటల వార్త. కసి, దూకుడు, ధాటి, తెగువ అన్నీ చెల్లుతాయి. పేరాకు ఒకటి చొప్పున చాలు. నాలుగూ ఒకే వాక్యంలో పడితే వ్యాఖ్యాత అరుపు వినిపిస్తుంది.

కథ. ఇక్కడ విశేషణమే వద్దు. పాచికలాటలో ఓడిన మనిషి 'ఇంకొక్క ఆట' అన్నాడని రాస్తే పంతం, రోషం రెండూ వచ్చేశాయి.

పద్యం, గంభీర వ్యాసం. జిగీష (గెలవాలన్న కోరిక), విజిగీషువు (జయం కోరేవాడు), స్పర్ధ ఇక్కడికే. అర్థశాస్త్రంలో రాజ్యవిస్తరణ కోరే రాజుకు విజిగీషువు అన్నదే పేరు. వాట్సాప్ సందేశంలో ఈ మాట వేస్తే అవతలివాళ్లు నిఘంటువు వెతుక్కోవాలి.

## 11. అక్షరదోషాలు

- స్పర్ధ, మనస్పర్ధలు: 'ధ'. 'స్పర్థ' అని 'థ' రాయడం ఎంత ప్రచారంలో ఉన్నా తప్పే. ఇంకో సంగతి, స్పర్ధ అంటే పోటీ. మనస్పర్ధ అంటే మనసుల మధ్య వచ్చిన ఎడం. ఒకదాని బదులు ఇంకోటి కుదరదు.
- ప్రత్యర్థి: ఇక్కడ 'థ' సరైనది.
- దీటు: 'ధీటు' కాదు.
- ఈర్ష్య: కింద యవత్తు ఉండాలి. 'ఈర్ష' కాదు.
- స్ఫూర్తి: 'స్పూర్తి' కాదు.
- తత్త్వం / తత్వం: మూలం ప్రకారం మొదటిది. పత్రికల్లో రెండోది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి.
- ఆధిక్యం: చాలు. 'ఆధిక్యత'లో 'త' అదనపు బరువు.

## 12. చిత్తును దిద్దడం: మూడు ఉదాహరణలు

చిత్తు: 'ఆమె చాలా పోటీతత్వం కలిగిన ఉద్యోగిని.'
లోపం: ఎవరితో, ఎలా అన్నది లేదు. 'కలిగిన' బరువు వేరే.
దిద్దాక: 'నెల లెక్కల్లో మొదటి పేరు తనదే కావాలని పనిచేస్తారు. రెండో స్థానం వస్తే ఎక్కడ తగ్గిందో ఆ రోజే వెతుకుతారు.'

చిత్తు: 'కసి తీర్చుకోవాలనే పట్టుదలకు పోయి బాగా ఆడాడు.'
లోపం: మెచ్చుకోవాలనుకుని పగ, మూర్ఖత్వం రెండూ అంటగట్టారు.
దిద్దాక: 'కిందటిసారి చేజారిన కప్పు ఈసారి గెలవాలన్న కసితో ఆడాడు.'

చిత్తు: 'అన్నదమ్ముల మధ్య స్పర్థలు ఉన్నా ఒకరికొకరు సాటి ప్రత్యర్థులు.'
లోపం: అక్షరదోషం ఒకటి. 'సాటి' తోటివారన్న అర్థాన్ని లాక్కొచ్చింది. గొడవలున్నాయా, పోటీ ఉందా తేలలేదు.
దిద్దాక: 'అన్నదమ్ములిద్దరూ సమ ఉజ్జీలు. చదరంగం బల్ల ముందు కూర్చుంటే నువ్వా నేనా, లేస్తే ఒకే కంచం.'

### పంపే ముందు సరిచూసుకోండి

- [ ] 'గల', 'కలిగిన' తీసేసి క్రియతో చెప్పి చూశానా?
- [ ] స్వభావమైతే 'పడతాడు', సంఘటనైతే 'పడ్డాడు' అని వేరు చేశానా?
- [ ] పంతం రాస్తే ఎదుటి మనిషి, కసి రాస్తే వెనకటి గాయం, రోషం రాస్తే అన్న మాట వాక్యంలో ఎక్కడో ఉన్నాయా?
- [ ] మెచ్చుకునే చోట 'కు పోవు', 'మీద కసి', 'బరితెగించు' దూరలేదు కదా?
- [ ] హోరాహోరీ, నువ్వా నేనా లాంటివి ఇద్దరి మధ్యే ఉన్నాయా?
- [ ] స్పర్ధ, ప్రత్యర్థి, దీటు, ఈర్ష్య అక్షరాలు సరిగ్గా పడ్డాయా?
- [ ] ఆ మనిషే ఇది చదివితే మెచ్చుకున్నారనుకుంటారా, దెప్పారనుకుంటారా? పైకి చదివి చూడండి. అనుమానం వస్తే తిరిగి నాలుగో మెట్టుకు.